కాశీబుగ్గలో పదకొండు టిన్నులు

రాత్రి వాన వెలిసింది గాని కాశీబుగ్గ సందుల్లో నీళ్ళు ఇంకా లాగలేదు. పొద్దున్న తొమ్మిది. మీరు కూచున్నది కొట్టులోనే, కాకపోతే దానికి బోర్డు లేదు, కౌంటరు లేదు. ముందుగదిలో తూకం, సీలింగ్ మిషన్, అట్టపెట్టెల కట్టలు. వెనకగదిలో గోడవారగా పదికేజీల జీడిపప్పు టిన్నులు పదకొండు. అమ్మకమంతా ఫోన్లోనే. హైదరాబాద్ నుంచి అరకేజీ, బెంగళూరు నుంచి కేజీ, విశాఖపట్నం నుంచి పావుకేజీవి నాలుగు.

ఒక టిన్ను మూత తీసి గుండు నోట్లో వేసుకోండి. టక్కున విరిగిందా, సరే. పంటికింద సాగిందంటే చెమ్మ తగిలినట్టే. పప్పులో తేమ 5 శాతం దాటకూడదు, ఈ వానల్లో మూత సరిగ్గా పడకపోతే దాటడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఎందుకైనా మంచిదని ముప్పై టిన్నులు తెచ్చి పడేసుకునే సరుకు కాదిది.

టిన్ను మీద డబ్ల్యూ 320 అని ఉంది. పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుళ్ళు తూగుతాయని అర్థం. నెంబరు తగ్గేకొద్దీ గుండు లావు, 180 అంటే బాగా లావు. 320 పెద్ద నెంబరు కదా, పెద్ద గుళ్ళు రాలేదేమని అడిగేవాళ్ళు వారానికొకరైనా తగులుతారు. వాళ్ళకి ఓపిగ్గా చెప్పాలి.

మళ్ళీ ఎప్పుడు తెప్పించాలో తేలాలంటే, ఇప్పుడు నోట్‌బుక్ తెరవండి. పోయిన 30 రోజుల్లో 320 రకం 182 కేజీలు పోయింది. ముప్పైతో భాగిస్తే రోజుకి ఆరు కేజీల పైచిల్లర. ఆ లెక్క రాసేసి పేజీ తిప్పేయబోతారు. ఆగండి. మధ్యలో నాలుగు రోజులు అమ్మకం సున్నా. ఆ నాలుగు రోజులూ కొనేవాళ్ళు లేక కాదు, మీ దగ్గర సరుకే లేక. ఆ సున్నాలు తీసేసి 26తో భాగిస్తే సరిగ్గా 7 కేజీలు. ఈ కేజీ తేడా తెలియకపోతే ప్రతి నెలా తక్కువే తెప్పిస్తారు, తక్కువే అమ్ముతారు, నా గిరాకీ ఇంతేననుకుంటారు.

రెండో అంకె, కబురు చెప్పాక సరుకు రావడానికి పట్టే రోజులు. ఇది కాగితం మీద తేలదు, పలాసలో పప్పు తీసే పరిశ్రమకు వెళ్ళి నిలబడితే తెలుస్తుంది. పిక్కల్ని కాల్చో, ఆవిరికి ఉడికించో ఆరబెట్టాలి. ఆడవాళ్ళు వరసగా కూచుని ఒక్కొక్క పిక్కనీ కత్తుల మధ్య పెట్టి పగలగొడతారు. పెంకులోని జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది, వాళ్ళ వేళ్ళ చివర్లు చూస్తే చాలు. ఆ తర్వాత పప్పు వేడిగదిలో ఆరాలి, పొట్టు ఒలవాలి, సైజుల వారీగా ఏరాలి. మామూలు రోజుల్లో మీకు చేరేసరికి ఆరు రోజులు. ముసురు పట్టి పిక్కలు ఆరకపోతే తొమ్మిది.

రోజుకి 7 చొప్పున ఆరు రోజులకి 42 కేజీలు. ఇది అంతా సవ్యంగా జరిగితే. మీ పుస్తకంలో గట్టిగా అమ్మిన రోజు 12 కేజీలు, ఆలస్యమైతే తొమ్మిది రోజులు, కలిపితే 108. అంటే మీ దగ్గర నిల్వ 108కి దిగినప్పుడే ఫోను చెయ్యాలి. ఇప్పుడున్నది 110. ఇవాళ్టి పెట్టెలు కట్టేసరికి 103.

మరి తిత్లీ తుఫాను లాంటిదొస్తే? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఈ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలు పడిపోయాయి. ఆ రోజుల్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిదంటాను. అలాంటప్పుడు కరెంటు ఉండదు, కొరియర్ రాదు, మీరు అమ్మలేరు కూడా. దానికి మందు గోదాములో అదనపు టిన్నులు కాదు, ఆఫ్రికా పిక్కలు కూడా ఆడించే ఇంకో వ్యాపారి నెంబరు.

ఇక ఎంత తెప్పించాలి? 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు దీనికో సూత్రం రాశాడు. ఏడాది అమ్మకాన్ని ఒక్కసారి తెప్పించే ఖర్చుతో గుణించి, రెట్టింపు చేసి, కేజీ పప్పు ఏడాది నిల్వ ఉంచితే అయ్యే ఖర్చుతో భాగించి, వర్గమూలం కట్టాలి. మీకు ఏడాదికి 2,500 కేజీలు, ఆటో, కూలీ కలిపి 200 రూపాయలు, నిల్వకి కేజీకి 60. తేలేది 129. టిన్నుల్లో పదమూడు.

అయితే హారిస్ ఏడాదంతా ఒకేలా అమ్ముడవుతుందనుకున్నాడు. మీకు దసరా మూడు వారాల్లో ఉంది. 12 కేజీలన్నది పోయిన దసరా అంకే. పండగ పక్షంలో అది గట్టి రోజు కాదు, మామూలు రోజు. అప్పుడు 108లో ఆదరువంటూ ఏమీ మిగలదు. కాబట్టి ఒకేసారి ఇరవై తెచ్చి చెమ్మకి పెట్టకుండా ఇప్పుడు పదమూడు, వారం తర్వాత ఇంకో పదమూడు.

పలాసలో మీకు పప్పు ఇచ్చే వ్యాపారికి ఫోను చేశారు. ఎత్తాడాయన.

“పదమూడూ మూడొందల ఇరవయ్యేనా? అలాగెలాగ తమ్ముడూ! బస్తాలో ఏటొస్తే అదే కదా ఇచ్చేది.”

నిజమే. 80 కేజీల బస్తా ఆడిస్తే పప్పు 20 కేజీలకి అటూఇటూ, అందులో లావు గుళ్ళుంటాయి, సన్నవుంటాయి, బద్దలుంటాయి, ముక్కలుంటాయి. 130 కేజీలంటే ఆరు బస్తాల పైమాటే, అదీ అన్నీ 320 అయితే. ఏ సూత్రంలోనూ లేని సంగతిది.

“సరే అన్నయ్యా, తొమ్మిది టిన్నులు మూడొందల ఇరవై. రెండు రెండొందల నలభై. రెండు బద్దలు.”

“బద్దలెవులు కొంతారు నీ దగ్గర?”

“పండగ కదా, పాయసంలోకి గుళ్ళెందుకు? సగం మందికి బద్దలే సరిపోతాయి. ధర ఏటి చెప్తావు?”

బేరం మొదలైంది. ముందుగదిలో మీ చెల్లెలు అప్పటికే బద్దల అరకేజీ ప్యాకెట్టు ఫొటోకి తెల్లకాగితం పరుస్తోంది.