టెస్టింగ్‌లో ఫస్ట్ వచ్చిన కారుని నమ్మొచ్చా?

ఫార్ములా వన్ సీజన్ మొదలవ్వకముందు జరిగే టెస్టింగ్‌లో టైమింగ్ స్క్రీన్ అబద్ధం చెప్పదు. కానీ నిజం మొత్తం కూడా చెప్పదు. కారులో ఎంత ఫ్యూయెల్ ఉందో ఆ స్క్రీన్ మీద ఉండదు కదా. బార్సిలోనా లాంటి ట్రాక్‌లో 10 కిలోల ఫ్యూయెల్ ఎక్కువుంటే ల్యాప్‌కి దాదాపు 0.3 సెకన్లు పోతాయి. అంటే 60 కిలోల తేడా ఉంటే రెండు సెకన్లకి దగ్గర. పైగా రేసులో చేసినట్టు కారు బరువు తూచి తప్పుపట్టేవాళ్లు టెస్టింగ్‌లో ఉండరు.

2001 చలికాలం చూడండి. నాలుగుసార్లు ఛాంపియన్ అయిన అలెన్ ప్రోస్ట్ సొంత టీమ్ అది. పెద్ద స్పాన్సర్ గొలువాజ్ వెళ్లిపోయింది, డబ్బుకి కటకట. అలాంటి టైంలో జాన్ అలేసీ టెస్టింగ్‌లో అందరికన్నా ముందు. సీజన్ మొత్తం అయ్యాక టీమ్‌కి వచ్చినవి 4 పాయింట్లు. 2002 జనవరికల్లా టీమే మూతపడింది. స్పాన్సర్ల కోసం తేలిక కారుతో ల్యాపులు కొట్టారన్న అనుమానం అప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉంది.

అందుకే 2009 మార్చిలో బ్రాన్ జీపీ వచ్చినప్పుడు జనం నవ్వుకున్నారు. హోండా 2008 డిసెంబర్‌లో చేతులెత్తేసింది. వందలమంది ఉద్యోగాలు గాల్లో దీపాలు. రాస్ బ్రాన్ టీమ్ తీసుకుని, హోండా కోసం గీసిన కారులో మెర్సిడెస్ ఇంజిన్ ఇరికించాడు. తెల్ల కారు, దాని మీద స్పాన్సర్ పేర్లు దాదాపు లేవు. బార్సిలోనాలో మాత్రం మిగతావాళ్లని వెనక్కి నెట్టేసింది. "ఇది కూడా ప్రోస్ట్ కథే" అనుకోవడం సహజమే!

కానీ తేడా ఎక్కడుందంటే, బ్రాన్ కారు ఒక్క ల్యాప్‌లోనే కాదు, లాంగ్ రన్స్‌లో కూడా వేగంగానే ఉంది. ట్యాంకు నిండా పోసుకుని వరసగా తిరిగేటప్పుడు నటించడం కష్టం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక్క ఫాస్ట్ ల్యాప్ క్లయింట్‌కి చూపించే డెమో, లాంగ్ రన్ లోడ్ టెస్ట్. మెల్‌బోర్న్‌లో బటన్, బారికెల్లో ఒకటీ రెండూ. మొదటి ఏడు రేసుల్లో బటన్‌కి ఆరు. డబుల్ డిఫ్యూజర్ మీద మిగతా టీములు పెట్టిన అప్పీల్ ఏప్రిల్‌లో వీగిపోయింది. చివరికి రెండు టైటిల్సూ వాళ్లవే.

నన్నడిగితే టైముల కన్నా ముందు ల్యాపుల లెక్క చూడాలి. 2014లో కొత్త హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చాయి. హెరెజ్‌లో నాలుగు రోజుల్లో మెర్సిడెస్ 309 ల్యాపులు తిరిగితే, అప్పటి ఛాంపియన్ రెడ్‌బుల్ తిరిగింది 21. ఆ ఏడాది 19 రేసుల్లో 16 మెర్సిడెస్‌వే. అయినా ఆ 309 కూడా పూర్తి గ్యారంటీ కాదు: మొదటి రేసులోనే హామిల్టన్ ఇంజిన్ ఒక సిలిండర్ పనిచేయక మొదట్లోనే ఆగిపోయింది. ఇక 21 ల్యాపుల రెడ్‌బుల్? మిగిలిన మూడు రేసులూ రికియార్డో గెలిచిపెట్టాడు.