సైలెంట్ వ్యాలీని కాపాడిన మాస్టార్లు

కోయంబత్తూరు నుంచి ఆనైకట్టి దాటి, అట్టప్పాడి మీదుగా ముక్కాలి చేరితే సైలెంట్ వ్యాలీ వాకిట్లోకి వచ్చినట్టే. ఇంత దగ్గరున్న ఆ అడవి గురించి మా తాతగారు అన్న మాట ఒక్కటే గుర్తుంది: "కోతి కోసం కరెంటు వద్దంటారా వీళ్ళు?"

ఆయన్ని తప్పుపట్టలేను. 1930లలో నీలగిరిలోని పైకారా నుంచి జలవిద్యుత్తు వచ్చాకే కదా కోయంబత్తూరు మిల్లులు పెరిగింది, మన వాళ్ళ తోటల్లో మోటార్లు తిరిగింది! డ్యామంటే ఆయనకి అన్నం పెట్టిన చెయ్యి.

కేరళలోనూ చాలామందిది అదే మాట. కుంతిపుళ నదిమీద డ్యాము కట్టి 120 మెగావాట్లు తీయాలన్న పథకానికి 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. వెనకబడ్డ మలబారుకి వెలుగొస్తుందని పార్టీలన్నీ దాదాపు ఒక్కటయ్యాయి. సింహపు తోక కోతి, అదే ఇక్కడ మనం సింగవాల్ కురంగు అంటామే, అది అందరికీ వేళాకోళమైపోయింది.

అప్పుడు కదిలింది కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్. సైన్సుని మలయాళంలో చెప్పాలని 1962లో పుట్టిన సంఘం. సభ్యుల్లో బడిపంతుళ్ళు, కాలేజీ మాస్టార్లు చాలామంది. వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఎం.కె. ప్రసాద్ పత్రికలో రాశారు, సభల్లో మాట్లాడారు. ఊరూరా ఉపన్యాసాలు, చర్చలు జరిగాయి. సంఘంలోనే కొందరికి ఇది నచ్చలేదు, వాదనలయ్యాయి. సుగతకుమారి వంటి కవులూ తోడొచ్చారు.

నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. వీళ్ళు అడవి అందం చెప్పి ఊరుకోలేదు. 1979లో ప్రసాద్, ఎం.పి. పరమేశ్వరన్, ఇంకో ముగ్గురు కలిసి పథకం మంచిచెడ్డలు లెక్కగట్టి పుస్తకం వేశారు. వాళ్ళలో కరెంటు సంగతి తెలిసిన ఇంజినీరూ ఉన్నాడు, ఆర్థికశాస్త్రం చదివినవాడూ ఉన్నాడు. మలబారు కరెంటు కష్టానికి ఈ డ్యామొక్కటే మందు కాదు, లైన్లు బాగుచేసి వేరేచోట నుంచీ తేవచ్చన్నారు. తాతగారి ప్రశ్నకి తాతగారి భాషలోనే జవాబన్నమాట. కాకపోతే ఆ జవాబు తమిళ పేపరు చదివే మా ఇంటిదాకా రాలేదు.

1980లో ఇందిరాగాంధీ పనులు ఆపమన్నారు. ఎం.జి.కె. మెనన్ కమిటీ చూసింది. 1983లో పథకం వదిలేశారు. 1984 నవంబరు 15న నేషనల్ పార్కుగా ప్రకటించారు, ఆవిడ పోయి అప్పటికి రెండువారాలు.

పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముక్కాలిలో అటవీశాఖ జీపెక్కండి. సైరంధ్రి దాకా 23 కిలోమీటర్లు. అక్కడ టవరెక్కి చూస్తే కింద కుంతిపుళ కనిపిస్తుంది. డ్యాము కట్టాలనుకున్నది ఆ దగ్గర్లోనే.