బొమ్మ వ్రాసినవాడు

మన రాయలసీమకు వానలు కొఱతయే కాని బొమ్మలు కొఱత కావు. కడప జిల్లాలో ముద్దనూరు ప్రాంతమున చింతకుంటయొద్ద నొక గుండు కలదు. దానిని ఊరివారు ఎద్దుల ఆవుల గుండు అందురు. అది పండితులు పెట్టిన పేరు కాదు. బొమ్మలను చూచిన జనము పెట్టుకొన్నది. ఎఱ్ఱమంటితో వ్రాసిన మూపురపుటెద్దులును, జింకలును, విల్లు పట్టిన మనుష్యులును అచ్చట కానవత్తురు. కర్నూలు సీమలోని కేతవరపు రాళ్లమీదను ఇట్టి బొమ్మలు కలవు. వీనిలో పెక్కు చరిత్రకందని కాలపువి. ఆ చిత్రకారునకు శాస్త్రము లేదు, దాత లేడు. నిత్యము కంటబడిన వానిలో తనకు కావలసినదానిని తానే యేఱుకొనెను.

శాస్త్రమును దాతయు నున్నచోట చిత్రకారునకు స్వేచ్ఛ యెంత? ఈ సందేహము తీర్చుకొనుటకే మేము పొరుగుననున్న లేపాక్షికి రెండుమాఱులు పోయితిమి. ఆ యూరు పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీసత్యసాయి జిల్లాలో చేరినది. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు అచ్చట వీరభద్రాలయమును కట్టించిరి. మండపపు కప్పులమీద సున్నపుపూతపై బొమ్మలు వ్రాయబడినవి. ఎఱుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ, అంతియే వన్నెలు. బేతంచెర్ల వైపు ఎఱ్ఱమన్నును పసుపుమన్నును త్రవ్వుట చూచినవారికి అవి పరిచితములే.

కథలన్నియు పెద్దలు చెప్పినవే. గిరిజాకల్యాణము, ద్రౌపదీస్వయంవరము, కిరాతార్జునీయము. ఈ కడపటిదానిని భారవి 18 సర్గములలో చెప్పెను. మేము ఏండ్లతరబడి దానిని పాఠము చెప్పితిమి. భారవి యనగానే అర్థగౌరవమని విద్యార్థులచేత వల్లె వేయించితిమి. లేపాక్షి చిత్రకారుడు అర్థగౌరవము జోలికి పోలేదు. పందిని వ్రాసెను! రోమములు నిక్కబొడుచుకొని అది మీదికి వచ్చుచున్నట్లుండును. చేలలో అడవిపందిని తఱిమి యెఱిగినవాడే గాని వట్టి గ్రంథపాఠకుడు అట్లు వ్రాయజాలడని మా తలంపు. మెడ నొచ్చువఱకు చూచి, మా పాఠములో ఆ పంది యెన్నడును పరువెత్తలేదని సిగ్గుపడితిమి. స్త్రీల చీరలను గూడ చూడవలెను. ఆ గళ్లకును అంచులకును పురాణమున ప్రసక్తి లేదు. అవి తన కాలపు స్త్రీలు కట్టగా చూచి వ్రాసినవని తోచును. కథ దాతది, శాస్త్రముది. పందియు చీరయు చిత్రకారునివి. ఇది పెక్కుచేతుల పనియని యెఱిగియే అతడని యేకవచనమున పిలుచుచున్నాము. పిలుచుటకు మఱొక పేరు లేదు.

విరూపణ్ణ, వీరణ్ణలు పొడవైన కుళ్లాయిలతో, పరివారసహితముగా, ఆ కప్పుమీదనే దైవప్రసాదము గైకొనుచున్నారు. వారి పేళ్లు నేటికిని నిలిచియున్నవి. వారిని వ్రాసినవాని పేరు మనకు దక్కలేదు.

ఈ సంచికయందును దాతల పటములు అచ్చగుచున్నవి, ఉచితమే. అట్టమీది బొమ్మ వ్రాసిన కుఱ్ఱవాని పేరును దానిక్రింద చిన్న యక్షరములతోనైన వేయింపుడని కార్యదర్శిగారికి జాబు వ్రాసితిమి. వేయింతుమని బదులు వచ్చినది.