రాతిమాను చెప్పు సాక్ష్యము

పంజాగుట్ట పేరులోనే గుట్ట యున్నది. నేడు మేడల నడుమ ఆ గుట్టను వెదకుకొనవలసినదే. అయినను అమీరుపేట నుండి బంజారా కొండల దిక్కుగా నడచినచో ఇండ్ల సందులలో ఇంకను బండరాతి గుండ్లు కానవచ్చును. వింతరాళ్లను ఏరి దాచుకొను సరదాగల పిల్లలు మమ్ము ఒక ప్రశ్న అడుగుచుందురు: "రాయిగా మారిన చెట్టు మన గుట్టలలో దొరకునా?"

దొరకదు. భూగర్భమున కరిగియున్న శిలాద్రవము చల్లారి గట్టిపడగా ఏర్పడిన గ్రానైటు ఇది. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూమిపై తొలి చెట్లు పుట్టి 40 కోట్ల సంవత్సరములైనను నిండలేదు. చెట్టే యెరుగని కాలపు రాతిలో చెట్టును వెదకి ఫలమేమి?

మాను రాయి కావలెనన్న ఏటి ఒండ్రులో త్వరగా పూడిపోవలెను; గాలి సోకక, కుళ్లక యుండవలెను. సిలికా కరిగిన నీరు దాని కణములలోనికి దిగి పేరుకొనవలెను. అప్పుడు కొయ్య పోయి రాయి మిగులును. కాని దాని నారలు, పెరుగుదల వలయములు చెదరక నిలుచును.

అట్టి ఒండ్రు నేలలు మనకు గోదావరి లోయలో కలవు. 1871లో భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొనెను. సింగరేణి గనులకు అదియే నాంది. ఒకనాటి అడవియే ఒకచోట బొగ్గయినది; మరియొక కాలపు అడవి వేరొకచోట రాయి యయినది.

ఆ రాతిమాను విలువ 1961లో వెల్లడి యయినది. ప్రాణహిత-గోదావరి లోయలో, సిరొంచ ప్రాంతమున, కలకత్తాలోని భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు ఒక మహాకాయపు రాక్షసిబల్లి ఎముకలను దాదాపు 300 వెలికితీసిరి. రవీంద్రుని శతజయంతి వత్సరమగుటచే దానికి "బరపసారస్ టాగోరై" అని నామకరణము చేసిరి. బరపా యనగా వంగభాషలో పెద్ద కాలు. దాని తొడయెముక 1.7 మీటర్ల పొడవు. ఎముకల చెంతనే రాయిగా మారిన పెద్ద పెద్ద మ్రాకులు పడియుండెను. చెట్లను కూల్చిన వరదయే ఆ మందను కూడ పొట్టన పెట్టుకొన్నదని పండితులు ఊహించుటకు ఆ మ్రాకులే ఆధారము. ఎవరో ముచ్చటపడి వానిని ముందే మోసికొని పోయియున్నచో ఆ కథ మనకు తెలిసెడిది కాదు.

ముచ్చటపడుట తప్పు కాదు. మన పూజామందిరములలోని సాలగ్రామము సైతము గండకీనది ఒడ్డున దొరకు శిలాజమే. అమెరికాలో కొన్ని ప్రభుత్వ భూములలో 1962 నాటి చట్టము ననుసరించి, ఎవరైనను తమ సొంతమునకై దినమునకు 25 పౌనులును, మరియొక ముక్కయు రాతికొయ్యను ఉచితముగ ఏరుకొనవచ్చును. ఏడాదికి 250 పౌనులు మించరాదు. కాని 1906 నుండి రక్షణలోనున్న అరిజోనా రాతివనములో ఒక్క తునక నైనను తీయరాదు. అక్కడ దొంగిలించి, పిదప మనసు నొచ్చి, క్షమాపణ లేఖతో రాతిని త్రిప్పిపంపినవారు పెక్కుమంది. అయినను దానిని తిరిగి యథాస్థానమున ఉంచుట సాధ్యము కాదు. ఏ చోట తీసినదో ఎవరెరుగుదురు?

మన పొరుగున తిరువక్కరైలో రాతిమానుల తావు జాతీయ భూవిజ్ఞాన స్మారకముగ రక్షింపబడుచున్నది. అవి విష్ణువుచే హతుడైన రాక్షసుని ఎముకలని అక్కడి ఐతిహ్యము. ఆ కథ నిలుచుటకును, శాస్త్రము నిలుచుటకును రాళ్లు ఉన్నచోటనే యుండవలెను.

కావున గోదావరి ప్రాంతమునకు పోవు మా చిన్నారి మిత్రులకు మేము చెప్పునది ఇంతే. రాతిమాను కనబడినచో చిత్రము తీసికొనుడు, చోటు వ్రాసికొనుడు, భూగర్భశాఖవారికి తెలుపుడు. చేతితో కదల్పకుడు. చూడవలెనన్న కోరిక తీరనిచో, గోదావరి లోయలోని యామన్‌పల్లి వద్ద లభించిన కోటసారస్ అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిచియున్నది. పంజాగుట్ట నుండి అది దూరము కాదు. సాక్షి నోరు విప్పవలెనన్న ముందు సాక్షిని ఉన్నచోట ఉండనీయవలెను గదా!