మత్తు, స్పృహ, స్మృతి: ఒక చారిత్రక పరిశీలన

మత్తులో ఉన్న రోగి బాధపడ్డాడో లేదో తెలుసుకోవడానికి వైద్యులకు ప్రధానంగా రెండు ఆధారాలు లభించాయి: ఆ క్షణాన అతడు పెట్టిన కేక, తరవాత అతడు చెప్పిన మాట. ఈ రెండూ ఏకీభవించనప్పుడు దేనిని ప్రమాణంగా స్వీకరించాలన్నదే ఈ చరిత్రలోని కీలక ప్రశ్న.

1845 జనవరిలో దంతవైద్యుడు హోరేస్ వెల్స్ అమెరికాలోని బోస్టన్ నగరంలో నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించి ఒక వ్యక్తి పన్ను తీశాడు. రోగి అరిచాడు. చూపరులు అదంతా మోసమని ఎగతాళి చేశారు. మామూలుగా కలిగేంత నొప్పి కలగలేదని రోగి చెప్పినట్లు వెల్స్ రాసినా, ఆ సాక్ష్యం చెల్లలేదు. అక్కడ కేకయే ప్రమాణమయింది.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఈ ప్రమాణం తలకిందులయింది. బెర్న్‌హార్డ్ క్రోనిగ్, కార్ల్ గౌస్‌లు ప్రసవవేళ మార్ఫిన్‌తోపాటు స్కోపోలమిన్ ఇచ్చారు. 500 ప్రసవాల అనుభవాన్ని గౌస్ 1906లో ప్రకటించాడు. స్త్రీకి ఒక వస్తువును చూపి, కొంతసేపటికి అది గుర్తుందా అని అడిగేవారు. గుర్తులేకుంటే మోతాదు సరిపోయినట్లే. ప్రసవవేళ ఆమె అరిచినా, తరవాత జ్ఞాపకం లేకపోవడమే సాఫల్యానికి కొలమానం.

నేటి అత్యవసర విభాగాలలో, తొలగిన కీలును సరిచేయడం వంటి చికిత్సలకు వాడే మిడజోలమ్ కూడా స్మృతిని నిరోధిస్తుంది. నొప్పిని మాత్రం తగ్గించదు. అందుకే నొప్పి నివారక ఔషధం విడిగా అవసరమవుతుంది. "ఏమీ గుర్తులేదు" అన్న రోగి మాట, అతడు బాధపడలేదనడానికి నిదర్శనం కాదు. స్మృతిలో మిగలని బాధకు పక్కన ఉన్నవారే సాక్షులు; ఆ కేకను వినవలసిన బాధ్యతా వారిదే.