మధుమేహం, మాతృత్వం: చరిత్ర

చిన్నవయసులో మధుమేహం వచ్చిన స్త్రీ గర్భం దాల్చడం ఇన్సులిన్ రాకముందు చాలా అరుదు. ఆ వయసుదాకా బతికినవారే తక్కువ. 1824లో బెర్లిన్‌లో హైన్రిక్ బెన్నెవిట్జ్ ఒక గర్భిణిలో కనిపించిన మధుమేహాన్ని తన సిద్ధాంత వ్యాసంలో నమోదు చేశాడు. 1882లో మాథ్యూస్ డంకన్ లండన్‌లో ఇలాంటి గర్భాల వివరాలు ప్రచురించాడు. తల్లులూ బిడ్డలూ ఎందరు చనిపోయారో చూశాక, వైద్యులు అలాంటి స్త్రీలకు గర్భమే వద్దని చెప్పేవారు.

1922లో టొరంటోలో తొలిసారి రోగికి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తర్వాత తల్లులు బతికారు. బిడ్డలు మాత్రం కడుపులో చివరి వారాల్లోనో, పుట్టగానేనో పోతూనే ఉన్నారు. బోస్టన్‌లో ఎలియట్ జోస్లిన్ వైద్యశాలలో 1924లో చేరిన ప్రిసిల్లా వైట్ యాభై ఏళ్లు ఈ సమస్యమీదే పనిచేసింది. వ్యాధి ఎంతకాలంగా ఉంది, కళ్లూ మూత్రపిండాలూ ఎలా ఉన్నాయి అన్నదాన్నిబట్టి గర్భిణులను తరగతులుగా విభజిస్తూ 1949లో ఆమె ఇచ్చిన వర్గీకరణ ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. ఆమె చేరినప్పుడు సగానికి కొంచెం ఎక్కువగా ఉన్న శిశువుల మనుగడ, 1974లో విరమించేనాటికి 90 శాతం దాటింది. అయితే ఆమె నమ్మి వాడిన హార్మోన్ చికిత్స మేలు చేయదని 1955లో బ్రిటిష్ పరిశోధన తేల్చింది. ఆ మందుల్లో ఒకటైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ వల్ల, అది వాడిన తల్లులకు పుట్టిన ఆడపిల్లలకు పెద్దయ్యాక అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. ఎంత సదుద్దేశంతో ఇచ్చిన మందైనా పరీక్షకు నిలవాలని ఈ ఘట్టం చెబుతోంది.

మధుమేహం ఉన్న తల్లుల బిడ్డలు ఎందుకు లావుగా పుడతారో కోపెన్‌హాగెన్‌లో యోర్గెన్ పెడర్సన్ 1950లలో వివరించాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది, ఆమె ఇన్సులిన్ చేరదు. అందుకని బిడ్డ క్లోమమే అధికంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది, దాంతో బిడ్డ లావెక్కుతుంది. బొడ్డు కోశాక చక్కెర సరఫరా ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం మిగులుతుంది. పుట్టిన కొద్ది గంటల్లో బిడ్డ చక్కెర పడిపోయేది ఇందుకే.

తర్వాతి మలుపు గర్భానికి ముందు సంరక్షణ. గుండె, వెన్నెముక వంటివి మొదటి ఎనిమిది వారాల్లోనే రూపు దిద్దుకుంటాయి. చాలామందికి అప్పటికింకా గర్భం సంగతే తెలియదు. అందుకే ముందుగానే చక్కెర అదుపులోకి తెచ్చుకోవడం, కంటి పరీక్ష, ఫోలిక్ ఆమ్లం, బిడ్డకు హాని చేసే కొన్ని రక్తపోటు మాత్రలు మార్చుకోవడం నియమాలయ్యాయి. మధుమేహం ఉన్న తల్లుల కాన్పులు ఇతరుల కాన్పుల్లాగే సాగాలన్నది 1989 నాటి సెయింట్ విన్సెంట్ ప్రకటన లక్ష్యాల్లో ఒకటి.

భారతదేశంలో చెన్నై వైద్యుడు వి. శేషయ్య గర్భకాల మధుమేహానికి, అంటే గర్భిణిగా ఉన్నప్పుడే తొలిసారి బయటపడే మధుమేహానికి, చేసే పరీక్షను తేలిక చేశారు. పరగడుపున రావాలన్న నియమం లేదు. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు రక్తంలో చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, అంతకుమించి ఉంటే వ్యాధి ఉన్నట్టే. పల్లె ఆసుపత్రికి దూరం నుంచి వచ్చే గర్భిణికి ఇది పెద్ద ఊరట.

ఒకప్పుడు ఇలాంటి స్త్రీలకు గర్భమే వద్దని వైద్యులు చెప్పేవారు కదా; బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని భారత సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. గర్భం కొనసాగితే ఆమె ప్రాణానికి ముప్పో, ఆరోగ్యానికి తీవ్ర హానో ఉన్నప్పుడు చట్టం విధించిన గడువుల్లోపల తొలగించుకోవడానికి 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం వీలిస్తుంది. మానసిక వ్యాధి లేని, 18 ఏళ్లు నిండిన స్త్రీ అయితే ఆమెది తప్ప మరెవరి సమ్మతీ ఇందుకు అక్కర్లేదు. భర్త సంతకం కావాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు.