ఉప్పుమడి అడుగు, మూత్రాశయపు పొర

నెల్లూరు తీరాన ఇసకపల్లి వైపు ఉప్పు పండించేవాళ్లు ముందుగా మడి అడుగును తొక్కి గట్టిపరుస్తారు. అడుగు వదులైతే ఉప్పునీరు ఇంకిపోతుంది. మూత్రాశయం లోపలి పొరదీ అదే పని: ఉప్పూ యూరియా కలిసిన నీళ్లు ఒంట్లోకి ఇంకకుండా గంటల తరబడి పట్టి ఉంచాలి. మడిని మనిషి తొక్కాలి, ఈ పొర మాత్రం తనంతట తానే బాగుపడుతుంది. మామూలుగా దీని కణాలు నెలల తరబడి విభజన జోలికి పోవు. గాయమైతే రోజుల్లోనే కొత్త వరుసలు లేస్తాయి. లెమ్మని వాటికి చెప్పేదెవరు?

జవాబుకు మొదటి ఆనవాలు ఎలుక లాలాజల గ్రంథిలో దొరికింది. 1962లో అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఆ గ్రంథి నుంచి ఒక ప్రోటీను తీశాడు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు అది ఎక్కిస్తే రోజుల ముందే కళ్లు తెరిచాయి. దాని పేరు ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఈజీఎఫ్. 1986లో ఆయనకు నోబెల్ వచ్చింది. నాకు ముచ్చటేసేది మాత్రం 1975 నాటి సంగతి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పదార్థం కోసం ఇంగ్లండులో గ్రెగరీ అనే శాస్త్రవేత్త మనుషుల మూత్రం నుంచి యూరోగాస్ట్రోన్ అనే ప్రోటీనును వేరుచేశాడు. దాని 53 అమైనో ఆమ్లాల్లో 37 ఎలుక ఈజీఎఫ్‌తో సరిపోయాయి. మనిషి ఈజీఎఫ్ అదే! పారబోసే నీళ్లలోనే పెరగమనే కబురు ఉందన్నమాట.

మరి అందులో నానే పొర అదేపనిగా పెరగదేం? ఆ కబురు అందుకునే గ్రాహకాలు ఆరోగ్యంగా ఉన్న పొరలో ఎక్కువగా అడుగు వరుసలోనే ఉంటాయి. పైనున్న గొడుగు కణాలు మూత్రాన్ని అక్కడిదాకా రానీయవు. మూత్రాశయపు క్యాన్సర్ కణితిలో ఈ కట్టుబాటు ఉండదు, గ్రాహకాలు పై వరుసల్లోనూ కనిపిస్తాయి. కండరంలోకి చొచ్చుకుపోయే కణితుల్లో అవి ఎక్కువని 1985లో న్యూకాజిల్ పరిశోధకులు చూపించారు.

ఆ ఏడాదే న్యూయార్కు వైద్యులు ఈ క్యాన్సర్‌కు నాలుగు మందుల చికిత్సను ప్రకటించారు. అందులో ఒకటైన మెథోట్రెక్సేట్ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలది. ఈ మందు పెరగమనే కబురును ఆపదు. విభజనకు కావాల్సిన ఫోలిక్ ఆమ్లాన్ని కణాలు వాడుకోకుండా అడ్డుపడుతుంది, మంచి కణమా చెడ్డ కణమా అని చూడదు. సుబ్బారావు 1948లోనే పోయారు. ఈజీఎఫ్ ఊసు అప్పటికి లేదు.

తర్వాత చూపు పొర కిందికి మళ్లింది. అక్కడి కణజాలం పంపే ఎఫ్‌జీఎఫ్-7 అనే మరో పెరుగుదల కబురు లేని ఎలుకల్లో పొర పలచబడిందని 2001లో తేలింది. బ్యాక్టీరియా గాయం చేసినప్పుడు అడుగు కణాలు కిందికి కబురంపి పెరగమనే జవాబు తెప్పించుకుంటాయని 2011లో తెలిసింది. ఎఫ్‌జీఎఫ్ రకం కబుర్లు అందుకునే గ్రాహకాల్లో ఒకటైన ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 చెడి, ఎవరూ పిలవకుండానే పలకడాన్ని మూత్రాశయ క్యాన్సర్‌లో 1999లోనే ఫ్రెంచి బృందం పట్టుకుంది. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే ఎర్డాఫిటినిబ్ అనే మందుకు అమెరికాలో 2019 ఏప్రిల్‌లో అనుమతి దొరికింది.

ఎండలో పనిచేసేవాళ్లు మూత్రం ఎర్రబడితే వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగి ఊరుకుంటారు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే అది ఈ క్యాన్సర్‌కు ఆనవాలు కావచ్చు; ఒక్కసారే అయినా, డాక్టరుకు చూపించుకోండి.